గది లేనివాళ్ల ఏకాంత ప్రార్థన

నోరు తెరిచి ప్రార్థన చేయడం నా ఉద్యోగం. కొత్త మోటారు సైకిలు కొంటే దాని ముందు నిలబడి చేస్తాను. రొయ్యల చెరువులో సీడు వదిలేముందు గట్టు మీద చేస్తాను. కువైట్ వెళ్లే మనిషి సూట్‌కేసు మీద చెయ్యి పెట్టి చేస్తాను. ఓణీల ఫంక్షన్‌లో, ఇంటి శంకుస్థాపనలో, బోరు వేసే చోట, ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ దగ్గర, జ్ఞాపకార్థ కూటంలో భోజనాలకు ముందు. "అయ్యగారూ, ఒక్క మాట ప్రార్థన చేసి వెళ్లండి" అని ఎవరన్నా అంటే కుదరదనే పాస్టరు మా వైపు ఉండడు.

ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిలో పాస్టరుని నేను. భీమవరానికీ నరసాపురానికీ మధ్య, కాలువల వెంబడి ఉన్న కొన్ని ఊళ్లు కలిపి నా పారిష్. ఊరికో పేట, పేటకో గుడి, గుడికి కొందరు పెద్దలు. ఆదివారం ఒక గుడిలో ఆరాధన ముగించి బండి మీద రెండో గుడికి చేరేసరికి అక్కడివాళ్లు పాడిన పాటే మళ్లీ పాడుతూ నా కోసం చూస్తుంటారు. వారం మధ్యలో గృహ కూడికలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, పెళ్లిళ్ల సీజనులో ఒకే రోజు రెండు ముహూర్తాలు, చావు కబురుకు వేళాపాళా లేదు.

ఇన్నిసార్లు దేవుణ్ణి పిలిచేవాడికి దేవుడి దగ్గర ఒంటరిగా కూర్చునే వేళ దొరకదంటే బయటివాళ్లకు వింతగా ఉంటుంది. మా వృత్తిలో ఉన్నవాళ్లకు వింతేమీ కాదు. "ప్రేమగల తండ్రీ" అని మొదలుపెడితే చాలు, మిగతా మాటలు వాటంతటవే వరసకట్టి వచ్చేస్తాయి. ఆ లోపల మనసు బండిలో పెట్రోలు గురించో, రాత్రి కూడికకు డోలక్ వాయించే కుర్రాడు వస్తాడా రాడా అనో ఆలోచిస్తూ ఉంటుంది. బైబిలు తెరిస్తే మరీ కష్టం. ఏ అధ్యాయం చదివినా కన్ను ఆదివారం చెప్పాల్సిన మూడు పాయింట్లను వెతుక్కుంటుంది. పెళ్లివంట చేసినవాడికి అన్నం సయించదు చూడండి, అలాగే.

ఈ సంగతి కాలేజీలో ఎవరూ చెప్పరు. 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కాలేజీలో నేను బి.డి. చదివాను. హీబ్రూ, గ్రీకు, సంఘ చరిత్ర అన్నీ చెప్పారు. సొంత ప్రార్థన మాత్రం ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే. నాకు 'క్వయట్ టైం' అన్న మాట అలవాటు చేసింది డిగ్రీ రోజుల్లో విద్యార్థి కూడికలు. పొద్దున్నే లేవాలి, వేరే గదిలో కూర్చోవాలి, తలుపు వేసుకోవాలి, బైబిలూ నోటుబుక్కూ పెన్నూ దగ్గర పెట్టుకోవాలి, చదివింది రాసుకోవాలి, తర్వాత మోకరించాలి. 1879లో ఇంగ్లండులో స్క్రిప్చర్ యూనియన్ వాళ్లు రోజుకింత భాగమని పట్టిక వేసి మొదలుపెట్టిన పద్ధతి దేశదేశాలూ తిరిగి మన కాలేజీ హాస్టళ్ల దాకా వచ్చింది. హైదరాబాదు హెబ్రోనులో భక్త్ సింగ్ గారు (1903–2000) గంటల తరబడి మోకాళ్ల మీద ఉండేవారన్న సంగతి అప్పట్లో ప్రతి కూడికలోనూ వినేవాళ్లం. విని, తెల్లవారుజామున అలారం పెట్టుకునేవాళ్లం. పక్క మంచంవాడు తిట్టేవాడు.

ఆ పద్ధతిని చెడ్డదనను. ఎందరినో నిలబెట్టింది. కానీ అది పుట్టిందే గదులున్న ఇళ్లలో, బల్లా దీపమూ ఉన్నవాళ్ల మధ్య. దాన్ని డెల్టా పేటలోకి తెచ్చినప్పుడు ఏమవుతుందో పాస్టరు ఉద్యోగం చేస్తేనే తెలుస్తుంది. ఒకసారి శ్రమల దినాల్లో మత్తయి సువార్త 6వ అధ్యాయం మీద వాక్యం చెప్పాను. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని ప్రభువు చెప్పిన భాగం. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చేతులు కలుపుతుంటే ఒకావిడ ఆగింది. రొయ్యల షెడ్డులో వలుపు పనికి వెళ్లే మనిషి.

"బాగా చెప్పేరండీ అయ్యగారూ. మా ఇంట్లో తలుపేసుకునే గది ఒక్కటేనండి, అది బాత్రూమండి. అందులో కూకుంటే మా అత్తగారు తలుపు కొడతారండి."

వెనకాల నిలబడ్డ ఆడవాళ్లందరూ ఘొల్లున నవ్వారు. ఆవిడా నవ్వింది. వేళాకోళానికి అన్న మాట కాదది.

వాళ్లిల్లు నాకు తెలుసు. సెంటున్నర స్థలంలో కాలనీ ఇల్లు. ముందు గదిలో టీవీ, మంచం మీద మామగారు, మంచం కింద బియ్యం బస్తా, గోడకి క్యాలెండరూ పిల్లల బడి సంచులూ. వెనక గది పేరుకు పడగ్గది. రాత్రి నలుగురు పడుకుంటారు. వంట బయట రేకు కింద. తెల్లారకముందే షెడ్డు వ్యాను వచ్చి హారన్ కొడుతుంది. ఐసు ముక్కల్లో చెయ్యి పెట్టి సాయంత్రం దాకా రొయ్యలు వలిచి, వేళ్లు పాలిపోయి ఇంటికొస్తే కూర వండాలి. ఆవిడకు క్వయట్ టైం పట్టిక ఇవ్వడమంటే లేని గదికి తాళంచెవి ఇవ్వడం.

ఆ తర్వాత నేను ఆ లేఖనాన్నే మళ్లీ చదువుకున్నాను, ఈసారి ఆవిడ ఇల్లు మనసులో పెట్టుకుని. ప్రభువు కాలపు పల్లెటూళ్లలోనూ సామాన్యుల ఇళ్లు ఇలాంటివే. తలుపు వేసుకోవడానికి ఉండే గదంటే ధాన్యమో నూనెకుండలో దాచుకునే కొట్టుగది. ప్రభువు తన మటుకు ఆ గదిని కూడా వాడుకున్నట్టు ఎక్కడా లేదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఆయన కపెర్నహూములో సీమోను ఇంట దిగాడు. అత్తగారికి జ్వరం, సాయంత్రానికి ఊరంతా వాకిట్లో. ఇంకా చీకటి ఉండగానే లేచి ఊరి బయటికి పోయి ప్రార్థన చేసుకున్నాడు. అక్కడా వదిలారా? సీమోనూ మిగతావాళ్లూ వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీ కోసం చూస్తున్నారన్నారు. పాస్టరు ఉద్యోగం చేసిన ఎవరికైనా ఈ భాగం చదివితే నవ్వొస్తుంది.

ఊరి బయట నిర్జన ప్రదేశమన్న మాట ఎడారి, కొండలు ఉన్న దేశంలో సులువు. మా దగ్గర అదీ లేదు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక ఈ డెల్టాలో ఖాళీ నేల అన్నది మిగల్లేదు. నీళ్లు వచ్చాయి, వరి వచ్చింది, మనుషులు వచ్చారు. ఇప్పుడు వరి పోయి చెరువులు వచ్చాయి. రాయలసీమలో ఒక పాస్టరు మిత్రుడు ఉన్నాడు, మనసు బాగోకపోతే గుట్ట ఎక్కుతానంటాడు. నేను ఏ గుట్ట ఎక్కను? ఇక్కడ చేను కానిది చెరువు, చెరువు కానిది ఇల్లు. మధ్యలో మిగిలినవి కాలువ గట్లూ సమాధుల తోటలూ. అన్నట్టు, మా పారిష్‌లో చాలామంది ఇళ్లలో బైబిలు పక్కన కనపడే ధ్యాన పుస్తకం 'ఎడారిలో సెలయేర్లు'. నాలుగు పక్కలా కాలువలుండి, వర్షాకాలం మోకాలి లోతు నీళ్లు ఇంట్లోకి వచ్చే ఊళ్లో ఆ పుస్తకం అంత ఇష్టంగా చదువుతారు. ఎడారి అంటే నీళ్లు లేని చోటు మాత్రమే కాదని వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మరి ఈ గది లేనివాళ్లు ప్రార్థన చేసుకోవడం లేదా అంటే, చేసుకుంటున్నారు. ఎక్కడ, ఎప్పుడు అన్నది మాత్రం నేను ఇళ్లు తిరిగే కొద్దీ తెలిసింది. నేను చెప్పినవాటికంటే వాళ్ల దగ్గర నేర్చుకున్నవే ఎక్కువ.

మా సంఘంలో ఒకాయన రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. ఆయన తండ్రి చనిపోయినప్పుడు పలకరించడానికి రాత్రిపూట గట్టు మీదికే వెళ్లాను, పగలు ఆయన నిద్రపోతాడు కాబట్టి. రేకుల షెడ్డు, నులక మంచం, మేత బస్తాలు, మూలన డీజిల్ జనరేటరు. చెరువులో ఏరియేటర్లు తిరుగుతుంటే మాట వినపడదు. నిశ్శబ్దం అన్నది ఆ గట్టు మీద అర నిమిషం కూడా లేదు. మాటల్లో ఆయన చెప్పాడు: నీళ్లలో ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వస్తుంది, తెల్లవారకముందు మరీ పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయంటే రొయ్య పైకి తేలుతుంది. జనరేటరు వేయడం కాస్త ఆలస్యమైతే పంట మొత్తం పోయినట్టే. అందుకని మూడు దాటాక కాపలా మనిషి నడుం వాల్చకూడదు. టార్చి పట్టుకుని గట్టు చుట్టూ తిరగాలి, నీళ్ల వాసన చూడాలి, అంచుల్లో రొయ్య ఎలా ఉందో చూడాలి.

"ఆ టైములోనేనండి నేను చేసుకునేది. ఒక్కో మూల దగ్గర ఒక్కొక్కళ్లని తలుచుకుంటానండి. తూర్పు మూల మా పెద్దోడు, తూము కాడ మా ఆవిడ, అలాగ. నాలుగు మూలలూ తిరిగేసరికి ఇంటిల్లిపాదీ అయిపోతారండి. మళ్లీ రెండో చుట్టు సంఘం."

"నేనెక్కడ?" అన్నాను నవ్వుతూ.

"మీరు జనరేటరు కాడండి."

కళ్లు మూసుకోడు. మూసుకుంటే ఉద్యోగం పోతుంది. మోకరించడు; గట్టు బురద. పెదవులు కదిపినా ఆ మోతలో ఆయన మాట ఆయనకే వినపడదు. మా పుస్తకాలన్నీ తెల్లవారుజామున లేచి ప్రార్థించమని మొత్తుకునే ఆ వేళకే ఆయన మెలకువగా ఉన్నాడు. యజమాని రొయ్యల కోసం, జీతం కోసం. ఆ మెలకువలోంచి తన వాటా తీసుకున్నాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నాకు మార్టిన్ లూథరు గుర్తొచ్చాడు. 1535లో ఆయన తన మంగలి పీటర్ కోసం ప్రార్థన ఎలా చేయాలో వివరిస్తూ చిన్న పుస్తకం రాశాడు. పండితుల కోసం కాదు, దేశాధిపతి కోసం కాదు, తన గడ్డం గీసేవాడు అడిగాడని. అందులో ఆయన చెప్పేది మంగలి పనిలోంచే తీసుకున్నాడు: కత్తి చేతిలో ఉన్నప్పుడు మనసు కత్తి మీదా వెంట్రుక మీదా ఉండాలి, కబుర్లలో పడి దిక్కులు చూస్తే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనకూ అంతే ధ్యాస కావాలని. ప్రార్థన పట్ల తన మనసు చల్లబడితే తనేం చేస్తాడో కూడా చెప్పాడు. కీర్తనల పుస్తకం పట్టుకుని గదిలోకి పోతాడట, లేదంటే జనం కూడిన వేళైతే గుడికి పోతాడట. గది ఒక్కటే మార్గమని లూథరు కూడా అనలేదు. ఇంతకీ ఆ పీటర్ కథ సుఖంగా ముగియలేదు. అదే ఏడాది ఈస్టరు వేళకు, భోజనాల దగ్గర అల్లుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. దేశం నుంచి వెళ్లగొట్టారు. ప్రార్థన పుస్తకాన్ని అంకితం పుచ్చుకున్నవాడి సంగతి అది. ప్రసంగంలో నేను మొదటి సగమే చెప్తాను. ఇక్కడ రెండోదీ చెప్పాలనిపించింది.

చేతిపనివాళ్లకూ ఈ ప్రాంతపు క్రైస్తవానికీ మొదటినుంచీ పొత్తు ఉంది. 1836లో ఇటువైపు వచ్చిన బౌడెన్, బీర్ ఇద్దరూ కాలేజీలో చదివి వచ్చిన దొరలు కారు. ఒకరు రాతిపని మేస్త్రీ, ఒకరు చెప్పులు కుట్టేవాడు. బీర్ నరసాపురంలో, బౌడెన్ పాలకొల్లులో స్థిరపడ్డారు. వాళ్లు లూథరన్లు కాదు, బ్రదరన్ వాళ్లు. గోదావరి డెల్టా మిషను అలా మొదలైంది. ఆ శతాబ్దంలోనే మిషనరీ కుటుంబాల ఆడవాళ్లు నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక నేర్పారు. ఇప్పటికీ అది ఇళ్లలో ఆడవాళ్ల పనే. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన పువ్వుకిచ్చే కూలి పెరిగిందా అంటే, అడగండి వాళ్లనే.

మా సంఘంలో ఒక మామ్మగారు ఉన్నారు, చూపు కాస్త మందగించినా లేసు అల్లుతారు. అరుగు మీద గోడకి చేరగిలబడి కాళ్లు చాపుకుని, దారపు ఉండ ఒళ్లో పెట్టుకుని. ఒకరోజు ఎదురుగా కూర్చుని చూశాను. కొక్కెం సూది దారాన్ని లాగుతుంది, ముడిలోంచి బయటికొస్తుంది, మళ్లీ లోపలికి. ఎడమచేతి చూపుడువేలి మీద దారం రాసుకుని రాసుకుని చిన్న గాడి పడింది. రేకులు లెక్కపెట్టుకోవాలి కాబట్టి మొదటి వరసప్పుడు మాట్లాడరు. ఆ వరస కుదిరితే చేతులు వాటంతటవే పోతాయి. అప్పుడు పెదవులు కదులుతాయి. పక్కన మనవలు కొట్టుకుంటున్నా, కోడలు మిక్సీ వేసినా ఆగదు. ఏమని ప్రార్థిస్తున్నారని అడిగితే, "పువ్వుకొకళ్లండి" అన్నారు. ఆ లేసు ఏ విదేశంలో ఏ బల్ల మీద పరుస్తారో ఆవిడకు తెలీదు. దాంట్లో మా పేట సగం ఉంది.

జాన్ వెస్లీ తల్లి సుసన్నా 19 మందిని కన్న మనిషి. ఇంట్లో చోటు దొరక్క వంటింటి ఏప్రన్ తల మీద కప్పుకుని ప్రార్థించేదనీ, అది చూసి పిల్లలు దగ్గరికి వెళ్లేవాళ్లు కాదనీ చెప్తారు. ఈ సంగతి మా స్త్రీల సమాజంలో చెప్పినప్పుడు ఎవరికీ పెద్ద విశేషంగా అనిపించలేదు. పైట కొంగు తల మీదికి లాక్కుంటే ఇంట్లో వాళ్లు కాసేపు పిలవరన్నది వాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన ఉపాయం.

కొంగు కూడా పనికిరాని చోట్లున్నాయి. మా ఊళ్ల నుంచి ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వెళ్తారు. శుక్రవారం సెలవు దొరికినవాళ్లు కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి కాంపౌండులో తెలుగు ఆరాధనకు వెళ్తారు. దొరకనివాళ్లకు వాట్సాప్‌లో నా వాయిస్ మెసేజే ఆరాధన. ఒక చెల్లెమ్మ రాత్రి ఇంటిపని ముగిశాక ఫోన్ చేస్తుంది. వాళ్లకు పదకొండున్నర అంటే మనకు రెండు. ఇస్త్రీ గదిలో పడక. మాట బయటికి వినపడకుండా వాషింగ్ మెషీన్ వేసి, దాని పక్కన కూర్చుని మాట్లాడుతుంది. మొదట్లో నేను మాటల వరస మొదలుపెట్టేవాణ్ణి. ఒకరోజు తనే అంది, "అయ్యగారూ, మీరు చెయ్యకండి, ఊరికే లైన్లో ఉండండి, నేను చేసుకుంటాను". ఉన్నాను. అటువైపు మిషను తిరుగుతున్న చప్పుడు, మధ్యమధ్య ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అంతకుమించి ఏమీ వినపడలేదు. చాలాసేపయ్యాక "ఆమేన్ అండి, పడుకోండి" అని పెట్టేసింది.

ఆ ఫోను నా ఉద్యోగంలో ఒక అలవాటును మార్చింది. ఎవరైనా ప్రార్థన చేయమంటే వెంటనే మొదలుపెట్టడం మానేశాను. కాసేపు నోరు మూసుకుని నిలబడతాను. మాకిది కొత్త కానక్కర్లేదు. రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు మొదట లూథరన్ సంఘం మనిషే. 1938లో బైబిలు మిషను పెట్టి వేరయ్యారు. ఆయన శిష్యుల ఊళ్లలో సన్నిధి కూటాలని జరుగుతాయి. జనం కూర్చుని దేవుడి కోసం కనిపెట్టుకుని ఉంటారు. పాటా వాక్యమూ ఒక ఎత్తు, ఆ కనిపెట్టడం ఒక ఎత్తు. మా పారిష్‌లో కూడా చాటుగా అక్కడికి వెళ్లొచ్చేవాళ్లున్నారు. నేను చూడనట్టే ఉంటాను. సిద్ధాంతాల మీద మాకూ వాళ్లకూ తేడాలున్నాయి, అవి ఎక్కడికీ పోవు. కానీ నోరు మూసుకుని కూర్చోవడం విషయంలో వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

మొదట్లో జనం కంగారుపడ్డారు. ఒక గృహప్రవేశంలో నేను అలా ఆగితే ఇంటాయన మంచినీళ్లు తెప్పించాడు, గొంతు పట్టేసిందనుకుని. ఇంకో చోట కీబోర్డు కుర్రాడు ఖాళీ చూసి వాయించడం మొదలుపెట్టాడు. చెయ్యెత్తి ఆపాను. ఇప్పుడు అలవాటైంది. ఆ కాస్త సేపులో నేను ఆ ఇంటి మనుషుల ముఖాలు చూస్తాను, ఎందుకు పిలిచారో మరోసారి తలుచుకుంటాను. తర్వాత వచ్చే మాటలు తక్కువగానే ఉంటాయి. కొందరికి ఇది నచ్చలేదు. పక్క ఊరి పాస్టరుగారు గంట చేస్తారు, మన అయ్యగారు రెండు నిమిషాల్లో దులిపేస్తారని అన్నారట.

ఇక నా సొంత ఏకాంతం. నాకు గది ఉంది, తలుపూ ఉంది. తలుపు కొట్టేవాళ్లూ ఉన్నారు. పార్సనేజి అంటే అందరి ఇల్లు. మా ఆవిడ మొదట్లో "అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు" అని చెప్పేది. "అయితే మా కోసం కూడా చెయ్యమనండి, లోపలికి వస్తాం" అనేవాళ్లు. ఇప్పుడు "లెక్కలు చూసుకుంటున్నారు" అంటుంది. లెక్కలంటే మర్యాదగా వెనక్కి వెళ్తారు. నేను కాలువ గట్టు మీద కూర్చుంటే అదింకో గొడవ. ప్రతి బండీ ఆగుతుంది. "ఏండీ అయ్యగారూ, టైరు పంచరా?" ఒంటరిగా కూర్చున్న పాస్టరుకు ఏదో కష్టం వచ్చిందనే జనం అనుకుంటారు. వాళ్ల ప్రేమ అది. నేను చేసిన పని ఏమిటంటే, రెండు బైబిళ్లు పెట్టుకోవడం. ప్రసంగం బైబిలు వేరు. దాని నిండా గీతలు, అంచుల్లో రాతలు. రెండోది గీత పడనిది. దాన్ని తెరిచేటప్పుడు పెన్ను వేరే గదిలో ఉంటుంది. ఆ వారం ప్రసంగ భాగం దాంట్లో చదవను. కొన్నిరోజులు ఒక్క మాటా లోపలికి దిగదు, అయినా మూసేసి లేస్తాను.

తెల్లవారుజాము చప్పుళ్ల గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఆ వేళకు గుడి మైకులో వేంకటేశ్వర సుప్రభాతం, మసీదు నుంచి అజాన్, మా చర్చి గోపురం మీద నుంచి క్రైస్తవ కీర్తనలు, మూడూ ఒకదాని మీద ఒకటి. మన పాటలు వినపడకపోతే మనం లేమనుకుంటారని మా పెద్దల వాదన. ఆ పాటలు మొదలయ్యాక మా పేటలో ఎవరూ ప్రార్థన చేసుకోలేరని నా వాదన. మా కమిటీలో ఇది ఏళ్ల తరబడి నలుగుతోంది. వాల్యూము కాస్త తగ్గింది. అంతే.

గెలిచింది ఇంకో విషయంలో. మా గుళ్లన్నీ వారానికి ఆరు రోజులు తాళం వేసి ఉంటాయి. ఈ పేటలో అన్నిటికంటే పెద్ద గది, ఫ్యానున్న గది, తలుపున్న గది అదే. కట్టింది కూడా ఈ గది లేనివాళ్ల కానుకలతోనే. దాన్ని మధ్యాహ్నం పూట తెరిచి ఉంచుదామన్నాను. కీబోర్డు పోతుందన్నారు ఒకరు, యాంప్లిఫయరు పోతుందన్నారు ఒకరు. కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని పడుకుంటారన్నారు, కరెంటు బిల్లు ఎవరు కడతారన్నారు. సామానంతా స్టీలు బీరువాలో పెట్టి తాళం వేశాం. పక్క తలుపు ఒక్కటే తీయాలని, ఫ్యాను ఒక్కటే వేయాలని, లోపల ఎవరూ ఎవరినీ పలకరించకూడదని తీర్మానం రాసుకున్నాం. తాళంచెవి ఎదురింటి లేసు మామ్మగారి దగ్గర.

ఒంటిగంట నుంచి మూడింటి దాకా తీసి ఉంటుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కోడళ్లు. షెడ్డు పని లేని రోజు వలుపు పనావిడ వస్తుంది. కొందరు నిద్రపోతారు కూడా, పోనివ్వమన్నాను. కొన్నాళ్లకు నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. మూడోసారో నాలుగోసారో మామ్మగారు నన్ను అరుగు మీదికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు.

"ఏం అనుకోకండయ్యగారూ. మీరొస్తే అందరూ లేచి నిలబడుతున్నారంట. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమని అడగాలో వద్దో తెలీక ఇబ్బంది పడుతున్నారంట. ఆ రెండు గంటలూ మీరు ఇటు రాకుండా ఉంటారా అండీ?"

సరేనన్నాను. ఆ వేళకు ఇప్పుడు భీమవరం ఆసుపత్రి విజిట్లు పెట్టుకుంటున్నాను.